సాక్షి దిమ్మెలు

గుంత తవ్వాలంటే ఒక కారణం ఉండాలి. నీళ్ల కోసం తవ్వుతారు, పునాది కోసం తవ్వుతారు, మరీ పని లేకపోతే చెత్త పూడ్చడానికి తవ్వుతారు. ఊరికే కూర్చుని చూసుకోవడానికి గుంత తవ్వించుకున్న మనిషిని నా జన్మలో ఒక్కరినే చూశాను. ఆ పిల్ల పేరు సరసు. మా సోగత్తూరు దాటగానే పెన్నాగరం రోడ్డు మీద రాళ్ల యార్డు పెట్టుకున్న ఆదిమూలం మొదలాళి కూతురు. యజమానిని మా పక్క మొదలాళి అంటారు.

నా పేరు పంచవర్ణం. మా మట్టిపని గుంపులో తట్ట మోసే ఆడవాళ్లకు నేను పెద్ద. అందరికీ పెద్ద మా నాయన వేడియప్పన్, మేస్త్రీ. నా మొగుడు బెంగుళూరులో కట్టడం పనికి పోయి ఎప్పుడో ఒకసారి వస్తాడు కాబట్టి నాయనను చూసుకునేది నేనే. నాకు నోరెక్కువ అంటారు. ఎండలో మట్టి తట్ట నెత్తిన పెట్టుకుని గట్టెక్కి చూడండి, మీకూ నోరు పెరుగుతుంది.

మా వాళ్లు ఏ కాలంలోనో తెలుగు సీమ నుంచి చెరువులు తవ్వుకుంటూ తవ్వుకుంటూ ధర్మపురి దాకా వచ్చారట. ఇక్కడ గడ్డపార దిగనంత గట్టి నేల తగిలేసరికి ఆగిపోయి ఉంటారని మా నాయన అంటాడు. అందుకే ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఆదిమూలం మొదలాళి ఇంట్లోనూ తెలుగే. ఆయన తెలుగు బియ్యం తిన్న తెలుగు, మాది రాగిసంగటి తిన్న తెలుగు, అంతే తేడా.

మట్టిపనిలో ఒక పద్ధతి ఉంది. ఎంత లోతు తవ్వామో తెలియాలంటే ముందు నేల ఎంత ఎత్తున ఉండేదో తెలియాలి కదా. అందుకని గుంత నడుమ అక్కడక్కడ కాస్త నేలను తవ్వకుండా వదిలేస్తాం. చుట్టూ మట్టి పోయాక ఆ ముక్కలు మీది గడ్డితో సహా దిమ్మెల్లా నిలబడతాయి. వాటిని సాక్షి దిమ్మెలు అంటాం. పని చేయించుకున్నవాడు వచ్చి దిమ్మె నెత్తి నుంచి గుంత అడుగు దాకా టేపు పట్టి కొలవాలి. కొలత అయ్యాక మేస్త్రీ టెంకాయ కొట్టి, తన చేత్తోనే పార వేసి దిమ్మెలను కొట్టేస్తాడు. అక్కడికి పని ముగిసినట్టు. కొలవకముందే సాక్షి మీద పార వేసినవాడు దొంగ, కొలిచాక కొట్టకుండా పోయినవాడు సోమరి. ఈ రెండు మాటలూ మా నాయన నాకు సంగటి ముద్దతో పాటు తినిపించి పెంచాడు.

అలాంటి మనిషికి పాపారపట్టిలో అవమానం జరిగింది. అక్కడ ఒక రైతు తోటలో మేము కుంట తవ్వుతున్నాం. పని ముగింపుకొచ్చే వేళకు పక్క చేలోకి బోరు లారీ వచ్చింది, నీళ్లు పడ్డాయి. మా రైతు కూడా బోరు వేయించుకున్నాడు. ఇంక కుంట దండగని, మేము లేనప్పుడు సాక్షి దిమ్మెలతో సహా పూడ్పించేశాడు. కూలికి లోటు చేయలేదు, ఆ మాట చెప్పాలి. కానీ కొలవని సాక్షి మట్టిలో కలిసిపోయింది. మా నాయన ఆ పూట కంచం ముందు కూర్చుని అలాగే లేచిపోయాడు. దాని మీద ఇంకోటి, ఆ పనిలోనే ఆయన గుంతలో పడ్డాడు. కళ్లకు పొరలు కమ్మాయి. గట్టు ఏదో గుంత ఏదో తెలియక అడుగు వేశాడు, నడుం పట్టేసింది.

నేను ఊరుకుంటానా. ఇంక చాలు, ఇంట్లో కూర్చోమని పోరాను. పొద్దున పోరాను, సందేళ పోరాను. చివరికి ఒకనాడు ఆయన పారను గోడకు ఆనించి నా వైపు తిరిగాడు.

"కడాసిగా ఒక్క సాక్షి నా చేత్తో కొడ్తా," అన్నాడు. "ఆ పొద్దే పార కింద పెడ్తా. అంతదాకా నన్ను ఏమీ అడగొద్దు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం మా నాయన. మాట ఇచ్చాడంటే మాత్రం తప్పడు. సరే, ఒక్క పని దొరికితే చాలు, ముసలాయన కాళ్లు చేతులు ఉండగానే ఇంటిపట్టున కూర్చుంటాడని నేను పని కోసం వెతకడం మొదలుపెట్టాను. ఎక్కడ దొరుకుతుంది? ఏ చేను చూసినా బోరు లారీ గుర్రుమంటోంది. లోకంలో ఆడవాళ్లు కూతుళ్లకు సంబంధాలు వెతుకుతుంటే నేను మా నాయనకు గుంత వెతుక్కుంటూ తిరిగాను. ఆ మాట బయట అంటే జనం ఇంకోలా అనుకుంటారని, జన్మలో మొదటిసారి నోరు మూసుకుని వెతికాను.

అప్పుడు సరసు వచ్చింది. మామిడికాయల కాలం. మోపెడ్ మీద దుమ్ము లేపుకుంటూ వచ్చి మా వాకిట్లో దిగింది. మగపిల్లాడిలా కత్తిరించుకున్న జుట్టు, మోకాలి దాకా నలిగిన నూలు చీర. మద్రాసులో బొమ్మలు వేసే చదువు చదివి వచ్చిందని విన్నాను. సంగతేమిటంటే, వాళ్ల నాయన యార్డులోని నల్లరాయి ఓడెక్కి జపాన్ పోతుంది. ఆ కొనేవాళ్లు ఇద్దరు ఈ నెలాఖరుకు స్వయంగా ధర్మపురి వస్తున్నారు. వాళ్ల కోసం కొత్త ఆఫీసు ముందర సిమెంటు ఏనుగులు రెండు పెట్టిద్దామని మొదలాళి అనుకున్నాడట. కూతురు ఏనుగులను ఆపి, జపాన్ తోట పెడతానని పంతం పట్టింది. బాగా రాకపోతే అక్కడ లారీలు నిలుపుకుంటానని మొదలాళి ముందే చెప్పాడట.

తోట అంటే మేము చెట్లనుకున్నాం. సరసు ఒక పుస్తకం తెరిచి బొమ్మ చూపించింది. చెట్టూ లేదు, చేమా లేదు. తెల్లటి రాతి నూక పరిచిన నేల, దాని మీద దువ్వినట్టు గీతలు, నడుమ నాలుగు రాళ్లు. దీన్ని ఇన్‌స్టలేషన్ అంటారని చెప్పింది. ఆ మాట నేను బోరుకు మోటారు బిగించే మెకానిక్కు నోట విన్నాను, ఈ పిల్ల కూడా బోరు వేయిస్తుందేమో అనుకున్నాను. నీళ్లు ఎక్కడున్నాయని అడిగాను. ఆ నూకే నీళ్లు, అలా అనుకుని చూడాలి అంది. అనుకోవడానికి మాకేం కష్టం? మా సనత్కుమార నదిని ఏడాదిలో ముప్పాతిక వంతు అలా అనుకునే చూస్తున్నాం. దానికి ఎవరూ జపాన్ పేరు పెట్టలేదు, అంతే.

కానీ ఆ నూక పరచడానికి మోకాలి లోతు గుంత కావాలంది. ఆ మాట చెవిన పడగానే నేను ఇంకేమీ వినలేదు. వెంటనే ఒప్పేసుకున్నాను. ఎవరి పిచ్చి వారికి ఆనందం. ఆమెకు చూసుకోవడానికి గుంత కావాలి, మాకు మా నాయన పార కింద పెట్టడానికి గుంత కావాలి.

పని మొదలుపెట్టాం. మా నాయన తలపాగా చుట్టుకుని, కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడి అరుస్తుంటే నాకే ముచ్చటేసింది. కళ్లు కనబడకపోయినా గొంతు ఎక్కడికి పోతుంది. తవ్వకానికి ముందు ఆయనే కర్రతో నేల మీద పొడిచి, ఇక్కడ ఒక సాక్షి, అక్కడ ఒకటి, అదిగో అక్కడ ఒకటి అని గుర్తు పెట్టించాడు. తీరా చుట్టూ మట్టి పోయాక చూద్దును కదా, దిమ్మెలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. సాక్షి దిమ్మెలు నూలు పట్టినట్టు వరసలో ఉండాలి. ఇవి రెండు ఒక మూలకు చేరి మాట్లాడుకుంటున్నట్టున్నాయి, మూడోది అలిగి దూరంగా పోయినట్టుంది. మా నాయన మాత్రం వేలు చూపించి, వరస ఎట్లుందో చూడండని మురిసిపోతున్నాడు. మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నోరెత్తితే నాలుక కోస్తానని నేను కళ్లతోనే చెప్పాను. అందరూ బ్రహ్మాండంగా ఉందన్నారు.

సరసు వచ్చి గుంత చూసింది. అంతా బాగుంది, మరి ఈ గడ్డి దిబ్బలేమిటి, వీటినీ తీసేయమంది. మా నాయన కుదరదన్నాడు. మొదలాళి వచ్చి కొలవాలి, కొలిచాకే కొడతానన్నాడు. కొలత ఎందుకు, గుంపుకు ఇంత అని ముందే మాట్లాడుకున్నాం కదా అని ఆ పిల్ల నయాన చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పోనీ నేను కొలుస్తాను తాతా అని టేపు తెచ్చింది. పని ఎవరి నేల మీద జరిగిందో వాళ్లే కొలవాలి, నేల మీ నాయనది అని మా నాయన పై పంచె సర్దుకున్నాడు. మొదలాళి ఏమో ఓడలోకి రాళ్లు ఎక్కించడానికి మద్రాసులో కూర్చున్నాడు. జపాన్ వాళ్లను వెంటబెట్టుకునే వస్తాడట. అంటే అప్పటిదాకా దిమ్మెలు కదలవు.

పాపం సరసుకు ఆగే తీరిక లేదు. దిమ్మెలను అలాగే వదిలి చుట్టూ తెల్లరాతి నూక పరిపించింది. మొదలాళి వచ్చిన రోజు కొలిచి కొట్టేస్తే, ఆ చోట్లలో తర్వాత నూక పోసుకోవచ్చని అనుకుంది. యార్డు నుంచి క్రేనుతో నల్లరాళ్లు తెచ్చి నిలబెట్టించింది. ఎంత సేపూ వాటిని ఇటు తిప్పించి, అటు తిప్పించి, క్రేను వాడి ప్రాణం తీసింది. నాలుగు రోజులు తిప్పినా ఆమె మొహంలో తృప్తి లేదు. ఏదో చచ్చినట్టుంది అక్కా అని నాతో అంది. రాళ్లు చచ్చినట్టు ఉండక పెళ్లికొచ్చినట్టు ఉంటాయా అన్నాను. ఆమె నవ్వింది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు నాకు ఆ పిల్ల మీద మొదటిసారి జాలేసింది. కట్టెలు కొట్టేవాడికైనా, బొమ్మలు వేసేవాళ్లకైనా, పని కుదరకపోతే కలిగే బాధ ఒకటే.

ఇంతలో వేసవి వాన పడింది. మా పక్క వేసవి వాన అంటే మామిడికాయలు రాల్చి, దుమ్ము అణచి, చుట్టంలా కాసేపు కూర్చుని పోతుంది. ఈసారి రెండు మూడు దినాలు వరసగా వచ్చింది. దాంతో దిమ్మెల నెత్తిన ఎండిపోయిన గరిక అంతా పచ్చగా లేచింది. ఒకదాని మీద తుమ్మి మొక్క తెల్లటి పూలు పూసింది. సరసు చెక్కపళ్ల దంతె ఒకటి చేయించుకుని నూక మీద గీతలు దువ్వుతోంది. నల్లరాళ్ల చుట్టూ దువ్వింది. దువ్వుతూ దువ్వుతూ దిమ్మెల దగ్గరికి వచ్చి, అవి ఎలాగూ పోయేవే అయినా, వాటి చుట్టూ కూడా చుట్టలు చుట్టలుగా దువ్వింది. తర్వాత ఆఫీసు మెట్లెక్కి వెనక్కి తిరిగి చూసి అక్కడే కూలబడిపోయింది.

ఎండదెబ్బ తగిలిందేమోనని నేను పరిగెత్తాను. మామిడి పండు కోసి చేతిలో పెట్టాను. చేతిలోనే ఉండిపోయింది, తినలేదు. నేనూ అటు చూశాను. చూడాలి కాబట్టి చూశాను. ఏం చెప్పను, బాగుంది. తెల్లటి నూక నిజంగానే నీళ్లలా ఉంది, ఆ నీళ్లలో మా నాయన వదిలిన నేల ముక్కలు మూడు పచ్చగా తేలుతున్నాయి. అవి వరసలో ఉండి ఉంటే బళ్లో పిల్లలు నిలబడ్డట్టు ఉండేవి. అడ్డదిడ్డంగా ఉండబట్టే అలా ఉన్నాయి. ఈ పిల్ల ఇప్పుడు ఏం అడగబోతుందో నాకు తెలిసిపోయింది.

అడగనే అడిగింది. "అక్కా, వాటిని కొట్టొద్దని తాతకు చెప్తావా?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మొన్న తీసేయమన్నది నువ్వే, ఇవాళ ఉంచమనేది నువ్వే, మా నాయన నీకు ఆటబొమ్మా అని దులిపేశాను. పాపారపట్టి సంగతి చెప్పాను. ఆయన గుంతలో పడిన సంగతి చెప్పాను. ఈ దిమ్మెలు కొడితేనే ఆయన పార కింద పెడతాడని, కొట్టకపోతే మళ్లీ ఇంకో పని, ఇంకో గుంత అంటాడని, ఈసారి పడితే లేవడని చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను కూడా. నాకు కోపం వస్తే ఏడుపు దాని వెనకే వస్తుంది, ఎద్దు వెనక బండిలా.

సరసు చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేను తాతను అడగను," అంది. "ఆయన పని ఆయన ముగించనీ. ఇది తర్వాత ఎట్లయినా కానీ."

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆ పిల్లను వెనకాల వెక్కిరించిన నోరే నాది. ఆ రోజు ఇంటికి పోయి వెక్కిరించిన వాళ్లందరినీ తిట్టాను.

మొదలాళి వచ్చే రోజు వచ్చింది. మా నాయన పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, పారకు పసుపు పూశాడు. టెంకాయ నేను పట్టుకున్నాను. గుంపంతా ఆఫీసు పక్కన నీడలో నిలబడ్డాం. నాకు సంతోషంగా ఉండాలి. ఇంతకాలం పోరింది ఈ రోజు కోసమే కదా. కానీ పొద్దున్నుంచి మా నాయన ఒక్కరి మీదా అరవలేదు. అది నాకు నచ్చలేదు.

రెండు కార్లు వచ్చాయి. మొదలాళి దిగాడు, తెల్ల చొక్కా, నుదుట విభూతి. వెంట ఇద్దరు జపాన్ వాళ్లు. ఒకరు కుర్రవాడు, ఇంగ్లీషు వచ్చినవాడు. రెండో ఆయన పెద్దాయన, మా నాయన ఈడు ఉంటాడు. చేతిలో మడిచిన నల్ల గొడుగు, దాన్నే కర్రలా పట్టుకుని నడుస్తున్నాడు. మొదలాళి చూపు మొదట దిమ్మెల మీదే పడింది. మొహం ముడుచుకుపోయింది. వచ్చిన వాళ్ల ముందర పని సగంలో వదిలేసినట్టు ఏమిటిదని అరవంలో ఒకటి, తెలుగులో ఒకటి అన్నాడు. మా నాయన ముందుకొచ్చి, కొలిస్తే ఇప్పుడే కొట్టేస్తానని, మొదలాళి కోసమే కాచుకుని ఉన్నామని చెప్పాడు. మొదలాళి టేపు తెమ్మని లోపలికి మనిషిని పంపాడు. సరసు వెళ్లి దూరంగా ఒక నల్లరాయి పక్కన నిలబడింది. తల ఎత్తలేదు.

టేపు వచ్చేలోపల ఆ పెద్దాయన తానే గుంతలోకి దిగాడు. గీతలు చెరపకుండా అంచు వెంటే, పిల్లి నడిచినట్టు నడిచి, తుమ్మి పూల దిమ్మె దగ్గర ఆగాడు. వంగి చూశాడు. గొడుగును నూకలో గుచ్చి దిమ్మె పక్కన నిటారుగా నిలబెట్టి, దిమ్మె నెత్తి ఎక్కడిదాకా వచ్చిందో బొటనవేలు పెట్టి చూసుకున్నాడు.

మా నాయన కళ్లకు మనుషులు పొగలా కనబడతారు, నల్లటి కర్ర మాత్రం కనబడుతుంది. సాక్షి పక్కన ఎవరో కర్ర నిలబెట్టారు. ఆయనకు అంతే కనబడింది. పార భుజం మీద నుంచి దించాడు. గుంతలోకి దిగబోతూ ఆగి, నా వైపు తల తిప్పాడు.

"పంచవర్ణం, కొలిచినారా?"

మొదలాళి హమ్మయ్య అన్నట్టు నోరు తెరుస్తున్నాడు. ఆ దిబ్బలు ఎంత తొందరగా పోతే అంత మేలు ఆయనకు. అవునని ఒక్క మాట చాలు, నా కష్టం గట్టెక్కుతుంది. నేను అవుననే అనబోయాను. అనబోతూ మా నాయన చేతులు చూశాను. పారను రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. సంతలో ఎద్దును అమ్మేసినవాడు కొన్నవాడి చేతికి ఇవ్వబోతూ పలుపును కడసారి పట్టుకుంటాడు చూడండి, అలా పట్టుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి. వయసు వణుకు నాకు తెలుసు, రోజూ చూస్తున్నదే. ఇది అది కాదు. మా నాయన భయపడుతున్నాడు. ఎంత లోతు బావిలోకి దిగినా భయపడని మనిషి ఆ మోకాలి లోతు గుంత ముందు భయపడుతున్నాడు. కొట్టేశాక రేపు పొద్దున లేచి ఏం చేయాలో ఆయనకు తెలియదు. ఇన్నాళ్లు పక్కనే ఉండి, ఇంట్లో కూర్చో కూర్చో అని పోరిన నాకు అది తట్టనే లేదు.

"లేదు నాయనా," అన్నాను గట్టిగా. "ఇంకా కొలవలేదు."

మొదలాళి నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. నేను ఆయన వైపు చూసిన చూపుకు ఆ నోరు దానంతట అదే మూసుకుంది. మొదలాళి అయితే ఏమిటి, నా చూపు నా చూపే. మా నాయన ఊపిరి వదిలాడు, ఆ చప్పుడు నాకు వినబడింది. పార మళ్లీ భుజం మీదికి ఎక్కింది.

"సరి," అన్నాడు. "అట్లయితే కాసుకోని ఉందాము."

అటు పెద్దాయన కుర్రవాడితో ఏదో అడిగాడు, కుర్రవాడు సరసును ఇంగ్లీషులో అడిగాడు. ఈ పచ్చ దిమ్మెలు ఎక్కడినుంచి తెచ్చి పెట్టారని ప్రశ్నట. ఎక్కడినుంచీ తేలేదని, మొదట నేల ఇంత ఎత్తున ఉండేదని, మిగతాది తీసేశామని, ఇది ఉండిపోయిందని సరసు చెప్పింది. ఆయన విని, తల ఊపి, వదిలిందెవరని అడిగాడు. సరసు మా నాయనను చూపించింది. పెద్దాయన గట్టెక్కి వచ్చి, మా నాయన పక్కన అంచు మీద చతికిలబడ్డాడు. జేబులోంచి బిస్కెట్లు తీశాడు. మా నాయన రొంటిలోంచి ఆకూ వక్కా తీసి ఇచ్చాడు. ఆయనకు ఈయన మాట తెలియదు, ఈయనకు ఆయన మాట తెలియదు. ఇద్దరూ నములుతూ గుంత వైపు చూస్తూ కూర్చున్నారు. ఆకులో సున్నం కాస్త ఎక్కువైందో ఏమో, ఆ జపాన్ ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఆయనకు తోట నచ్చిందో, పక్కన కూర్చోవడం నచ్చిందో నాకు తెలియదు. భోజనానికి పిలిస్తే ఎంతకీ లేవలేదు, అది మాత్రం చూశాను. మొదలాళికి అది చాలు. టేపు తెచ్చినవాణ్ణి లోపలికి పంపేశాడు. లారీల మాట మళ్లీ ఎత్తలేదు. దిమ్మెలను ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోనని తనే మొదట చెప్పినట్టు అందరికీ చెప్పుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి మా నాయన రోజూ పొద్దున్నే పార భుజాన వేసుకుని యార్డుకు పోతాడు. నేనో, సరసో చెయ్యి పట్టుకుని తీసుకుపోతాం. వానకు దిమ్మె అంచు కరిగితే మట్టి మెత్తించి సరిచేయిస్తాడు. గరిక ఎక్కువైతే కత్తిరించమని నాకు చెబుతాడు, సరిగ్గా కత్తిరించలేదని తిడతాడు. సరసు గీతలు దువ్వుతుంటే అంచున కూర్చుని, దంతె చప్పుడును బట్టి ఎక్కడ గీత వంకర పోయిందో చెబుతానంటాడు. సగం సార్లు తప్పే చెబుతాడు, ఆ పిల్ల అలాగే తాతా అని మళ్లీ దువ్వుతుంది. మధ్యలో మునియన్ అని ఒకడు పునాది పని ఉందని పిలవడానికి వచ్చాడు. చేతిలో పని ముగియందే మేస్త్రీ ఇంకో పని పట్టడని మా నాయన వాణ్ణి పంపేశాడు. సాక్షి నిలబడి ఉంటే పని ముగియనట్టే కదా. నాకు కావలసిందీ అదే. ఆయన మళ్లీ ఏ గుంతలోనూ దిగలేదు, పార కూడా కింద పెట్టలేదు. అడపాదడపా నన్ను అడుగుతాడు, కొలిచినారా అని. ఇంకా లేదంటాను. ఈ మొదలాళులు ఎప్పుడూ ఇంతే, పనివాణ్ణి కాయబెడతారు అని విసుక్కుంటాడు. ఆ విసుగు వింటే నాకు కడుపు నిండిపోతుంది. పాపం ముసలాయన నమ్మాడు, నమ్మనీ అనుకునేదాన్ని.

వానాకాలం పోయి మళ్లీ ఎండలు వచ్చాయి. ఒకనాడు మొదలాళి ఏ పుణ్యకాలంలో ఉన్నాడో, లేదా ముసలాయనను ఏడాదిగా కాయబెడుతున్నానని మనసులో పీకిందో, తనే టేపు పట్టుకుని గుంత దగ్గరికి వచ్చాడు. మేము ముగ్గురం అక్కడే ఉన్నాం. కొట్టొద్దులే, ఊరికే కొలిచి నీ మనసు తృప్తి చేస్తానని మా నాయనతో అన్నాడు. కొలిచాక కొట్టకుండా పోయినవాడు సోమరి. కొలత పడితే మా నాయన కొట్టకుండా ఉండడు. సరసు దంతె పట్టుకుని బొమ్మలా నిలబడిపోయింది. ఈసారి నేను చెప్పడానికి సాకు కూడా లేదు.

మా నాయన లేచి నిలబడ్డాడు. చెయ్యి చాపి టేపు అడిగి తీసుకున్నాడు. దాన్ని వేళ్లతో తడిమి చూశాడు. ఇనుప టేపు.

"ఇంత ఎండలో ఇనుము సాగుతుంది మొదలాళీ," అన్నాడు. "కొలత తప్పొస్తుంది. చలికాలం రానీండి, చూసుకుందాము."

మొదలాళి నా వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు, ఒక్కసారి పగలబడి నవ్వి ఆఫీసులోకి పోయాడు. టేపు మా నాయన చేతిలోనే ఉండిపోయింది. మొదలాళి అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా మా నాయన చెవి అటే పెట్టి నిలబడ్డాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, టేపు నా చేతిలో పెట్టి, సరసుకు కూడా వినబడనంత మెల్లగా చెప్పాడు.

"దీన్ని ఎక్కడన్నా దాచిపెట్టమ్మా. చలికాలంలో కూడా దొరకగూడదు."

నేను ఆయన మొహంలోకి చూశాను. పొరలు కమ్మిన ఆ కళ్లు నన్నే చూస్తున్నాయి. మూతి మీద నవ్వు దాచుకోలేకపోతున్నాడు. నేనేదో ఆయనకు తెలియకుండా కాపాడుతున్నానని మురిసిపోయాను, ఈ మేస్త్రీ మొదటి రోజు నుంచీ అన్నీ తెలిసే అడుగుతున్నాడు. తిట్టాలని నోరు తెరిచాను, ఏడుపొచ్చింది. టేపు నా తట్టలో వేసి, దాని మీద రెండు చేతుల మట్టి పోశాను.